డెబ్బై రెండులో చలి

"బయట మంచు పడుతుంటే మీ ఇంట్లో చెమటలేంటి ఆంటీ? థర్మోస్టాట్ ఎంతలో పెట్టారు?"

ఏయ్, దాన్ని ముట్టుకోకు! ఇటొచ్చి కూర్చో. ఆ కుర్చీలో కాదు, ఇందులో. చెప్తాను.

మాది బాయిలర్ కదా, నీళ్ళు కాచి గోడల వెంట పైపుల్లో తిప్పుతుంది, థర్మోస్టాట్‌లో పెట్టినంత వేడి గదికి రాగానే ఆగిపోతుంది. మీ అంకుల్‌కి రిటైరయిన కొత్తలో దాని పిచ్చి పట్టింది. జీవితమంతా కార్ల ఇంజన్లు చూసిన మనిషి, ఊరుకుంటారా? పైపులకి తొడుగులేశారు, రేడియేటర్లలో గాలి తీశారు, బర్నర్ క్లీన్ చేయించారు, కిటికీలకి ప్లాస్టిక్ అంటించారు. గ్యాస్ బిల్లు తగ్గిందని పక్కూరు ట్రాయ్‌లో ఉన్న ఫ్రెండ్స్ అందరికీ ఫోన్లు. ఫారెన్‌హీట్‌లో అరవై ఎనిమిది చాలు, స్వెట్టర్లు ఎందుకు కొనుక్కున్నాం అనేవారు.

అప్పుడే మా అత్తగారు గుంటూరు నుంచి... కాదు, విజయవాడ, మా ఆడపడుచు దగ్గర్నుంచి అమెరికా వచ్చారు. ఇంక ఇక్కడే ఉండిపోతానని వచ్చారు. హాల్లో దేవుడి అర ఉందా, నేనైతే పొద్దున్నే చిన్న దీపం పెట్టి ఆఫీసుకి పరిగెత్తేదాన్ని, కాసేపటికే కొండెక్కేది. ఆవిడ అలా కాదు. పెద్ద ఇత్తడి కుందిలో వత్తులేసి రోజంతా నూనె పోస్తూనే ఉండేవారు.

కార్తీకం వచ్చేసరికి ఇల్లు గడ్డకట్టుకుపోయింది. ఆవిడకి శాలువాలు, మంకీ క్యాపు, నా సాక్సులు. "చలిరా" అంటే మీ అంకుల్ వెళ్ళి చూసొచ్చి, "డెబ్బై రెండు ఉందమ్మా. అరవై ఎనిమిది పెడితేనే అంత వస్తోంది, చూడు బాయిలర్ ఎలా పనిచేస్తోందో" అని మురిసిపోయేవారు. నంబరు కనబడితే చాలు, ఎదురుగా మనిషి వణుకుతున్నా నమ్మరు.

నాకు ఈయన మీదే అనుమానం, బిల్లు కోసం ఏదో బిగించేశారని. ఈయనకి నా మీద, పోపు వాసనకి కిటికీ తీసేస్తున్నానని. ఆవిడకీ నా మీదే! ఆడపడుచుతో ఫోన్‌లో అంటుంటే నా చెవులారా విన్నాను. "నన్ను పంపించెయ్యడానికి కోడలు ఇల్లు చల్లబెడుతోందే. వాడికి తెలీదు, వెర్రివెధవ." నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. మర్నాడు సూట్‌కేసు సర్దేసుకుని టికెట్ బుక్ చెయ్యమన్నారు.

ఇంతలో వాళ్ళ జ్ఞాతి ఒకాయన పోయారని కబురు. మైల కదా, దీపం పెట్టకూడదు. తెల్లారేసరికి పైపులు టకటకమంటున్నాయి, ఇల్లంతా వెచ్చన. ఆవిడ మంకీ క్యాపు తీసి నా వంక చూసి, "టికెట్ అనేసరికి భయమేసిందా?" అన్నారు. చూశావా! వెచ్చగా ఉన్నా తప్పు నాదే.

మైల తీరింది, దీపం పెట్టారు, మధ్యాహ్నానికి మళ్ళీ చలి. అప్పుడెళ్ళి ఆ గోడ ముందు నిలబడ్డాను. కింద దీపం, దానికి జానెడు పైన థర్మోస్టాట్! మంట వేడి తగిలి, ఇల్లు కాగిపోతోందనుకుని అది బాయిలర్‌ని లేపట్లేదు. ఈవిడేమో చలేసినకొద్దీ దేవుడికి దణ్ణం పెట్టి ఇంకో వత్తి వేస్తున్నారు! ఆ అర అక్కడ కొట్టిందెవరు? మీ అంకులే. లెవెల్ చూసి మరీ కొట్టారు.

మిషను కోసం దేవుణ్ణి జరుపుతార్రా అని ఆవిడ ఒప్పుకోలేదు. థర్మోస్టాట్‌నే ఇదిగో, ఆవిడ గది గుమ్మం పక్కకి మార్పించాం. సూట్‌కేసు విప్పేశారు. నన్నన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఆ కుర్చీ దాని కింద వేయించుకుని కాపలా కూర్చున్నారు. డెబ్బై ఆరులో పెట్టించారు! నేను మంచినీళ్ళకి లేచినా "ఇటెందుకొస్తున్నావ్?" అనేవారు. మీ అంకుల్ జనవరిలో బనీనుతో తిరిగేవారు.

ఆవిడ పోయారు. ఇప్పుడు తనే తగ్గించుకోవచ్చు కదా, ఈయన నన్ను తగ్గించమంటారు. ఓసారి వెళ్ళానమ్మా, దాని మీద వేలు కూడా పెట్టాను. కుర్చీ వంక చూశాను. ఖాళీగానే ఉంది. "ఇటెందుకొస్తున్నావ్?" అని ఎవరూ అనలేదు. ఆ అనకపోవడమే తట్టుకోలేక వచ్చేశాను.

నువ్వూ మీ ఆయనా కొత్త ఇల్లు కొనుక్కున్నారు, పిల్లాపాపలతో చల్లగా ఉండండి. ఆ గోడ మీద నంబరు చూసి దెబ్బలాడుకోకండి, ముందు ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని చూసుకోండి. ఆ స్వెట్టర్ తీసెయ్ తల్లీ, ఈ ఇంట్లో అంతే...