సెంట్రింగు కర్రలు తీయనివ్వని వెంకటనారాయణ గారు

శ్రీ వెంకటనారాయణ గారు 1971 జూలై 5న భద్రాచలంలోని ఈ నిర్మాణ విభాగంలో సెక్షన్ ఆఫీసరుగా చేరారు; 1998 జూలై 31న అదే హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య జరిగినది రాయడానికి తోటి ఇంజనీర్లెవరూ ముందుకు రాకపోవడంతో, మొదటినుంచీ ఈ కార్యాలయానికి సిమెంటు సరఫరా చేస్తున్న నాకు ఆ గౌరవం దక్కింది.

తొలి సంవత్సరాల్లో వారు సత్తుపల్లి వైపు కల్వర్టులు కట్టించారు. గడ్డకట్టిన బస్తా ఒక్కటి కనబడినా లారీని వెనక్కి పంపేవారు. వ్యాపారిగా అది నాకు నష్టమే. కానీ వరదల్లో నా లారీలు ఆ కల్వర్టుల మీదుగానే దాటాయి.

1991 వేసవిలో, పర్ణశాల అవతలి అడవిపల్లెలో ఆశ్రమ పాఠశాల కడుతున్నారు. ఎండకు గోడల పూత నెర్రెలివ్వకుండా సెల్యులోజ్ ఈథర్ అనే తెల్లపొడిని వారే తెప్పించారు. అది సిమెంటులోని నీటిని పట్టి ఉంచుతుంది, చిటికెడు చాలు. వాగు నుంచి నీళ్లు మోసే బాధ తప్పుతుందని, సారు లేని పూట మేస్త్రి భీమయ్య స్లాబు కాంక్రీటులోనూ దాన్ని దోసిళ్లతో పోశాడు.

“మాలు వెన్నలెక్క పారింది సార్! ఇగ నీళ్లు నిలిపే పనే లేదు.”

“వెన్నలెక్కనే ఉంటది భీమయ్యా, జల్దీ గట్టిపడది. గాలి బుడగలు పట్టి లోపలంత బోలైతది. గోడకు మంచిదని కప్పుకు పోస్తరా?”

ప్రారంభోత్సవం దగ్గరపడింది. స్లాబును మోస్తున్న సెంట్రింగు కర్రలు తీయమని పై అధికారి ఆదేశించారు. వీరు ఒప్పుకోలేదు.

“ఏంటి సారూ, కర్రలకే దండలేయించమంటారా?” అన్నాడు కాంట్రాక్టరు బసవపున్నయ్య.

“ఏయించు. కర్రలకు దండలేస్తే ఏం గాదు. పిల్లల ఫొటోలకు ఏసే గతి రావద్దు.”

ఖమ్మంలో నమూనా దిమ్మెలను పరీక్షిస్తే రావలసిన బలంలో సగమే వచ్చింది. స్లాబు కూల్చి మళ్లీ పోశారు. పిల్లలు నేటికీ దానికింద నిద్రపోతున్నారు. జాప్యానికి సంజాయిషీ నోటీసు, ఆగిన పదోన్నతి వీరికి దక్కాయి. కర్రలు తీయమన్న అధికారి రెండు మెట్లు పైకెక్కారు. పదోన్నతి కోసం వీరు పెట్టుకున్న అప్పీలుకు ఏడేళ్లయినా జవాబు లేదు.

ఈ కార్యాలయపు నడక నాకు తెలుసు. అందుచేత ఆ జవాబు వారి చేతికే అందేటట్లు, సతీమణి శ్రీమతి నిర్మలాదేవి గారితో కలిసి సంపూర్ణ ఆరోగ్యంతో, మామూలు మనుషులకు ఇచ్చే దానికంటే చాలా దీర్ఘమైన ఆయుష్షును వారికి ప్రసాదించమని భద్రాద్రి రామయ్యను వేడుకుంటున్నాను.