దిగుడులో ఆపిన ఇంజన్

రొడోపి కొండల్లో కనుమ దాటగానే నాన్న గేరు తీసేసి, తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. పక్క సీట్లో ఉన్న వెసెలా ఉలిక్కిపడింది.

“ఎందుకాపావు నాన్నా?”

“ఊరిదాకా దిగుడేగా తల్లీ. పెట్రోలు ఊరికే తగలెయ్యడమెందుకు? మన పాత కారు మాస్క్విచ్‌ని ముప్ఫై ఏళ్లు ఇలాగే దించాను.”

“ఇది మాస్క్విచ్ కాదు. ముందు ఆన్ చెయ్యి.”

“కంపెనీవాడు చెప్పిన మైలేజీ ఎక్కడొచ్చింది? మనమే రప్పించుకోవాలి.”

“మలుపొస్తోంది, బ్రేకు నొక్కు!”

“నొక్కుతూనే ఉన్నా. ఇందాక రెండుసార్లు పట్టింది, ఇప్పుడు రాయిలా బిగుసుకుపోయింది. స్టీరింగూ తిరగట్లేదే!”

“తాళం తిప్పు!”

“తాళం చేతికి దొరకట్లేదే!”

“అయితే హ్యాండ్ బ్రేకు! లాగు నాన్నా, లాగు!”

ఇద్దరూ కలిసి లాగారు. కారు జారుకుంటూ పోయి లోయ అంచున కంకరలో ఆగింది.

“ఇంజన్ ఆపితే బ్రేకుకి బలముండదు నాన్నా. గేరులో ఉంచి దిగితే ఈ కార్లు చుక్క పెట్రోలు కూడా తాగవు.”

“చుక్క కూడానా?”

“చుక్క కూడా. ఏంటలా అయిపోయావు? దెబ్బ తగిలిందా?”

“నిన్న మీ తమ్ముడికి కూడా ఇదే నేర్పాను తల్లీ.”

“యావర్‌కా? వాడు పిల్లల్నేసుకుని మన వెనకాలే వస్తున్నాడు!”

“ఫోన్ చెయ్యి.”

“ఈ కొండల్లో సిగ్నలెక్కడిది?”

వెసెలా తలుపు తోసుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. పై మలుపులో తమ్ముడి ఎర్ర కారు కనిపించింది. దాని ఇంజన్ చప్పుడు మాత్రం వినిపించలేదు.