ఆరోగ్యం గడిలో రాసిన నిజం

1984 ఏప్రిల్ రెండవ తేదీన త్సుబమే పట్టణంలోని మా చెంచాల కర్మాగారంలో గుమస్తాగా ప్రవేశించిన శ్రీ కుమకురా సెయిజి గారు, నలభై ఒక్క సంవత్సరాల నిర్విరామ సేవానంతరం, నియామక విభాగాధిపతిగా ఈ మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మెరుగుశాలలో ముప్పై ఏడేళ్ళుగా వారి సహోద్యోగినైన నాకు చదువు తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. అందుకే ఈ నాలుగు మాటలూ రాసే భాగ్యం దక్కింది.

తొలి పదేళ్ళు సరుకు రవాణాలో మన్ననలందుకొని, పిమ్మట వారు నియామకాలకు మారారు. మా దగ్గర ఉద్యోగార్థులు తమ వివరాలను చేత్తో రాసి తేవాలి. అక్షరం తప్పితే మళ్ళీ కొత్త కాగితం. అందులో ఆరోగ్యం గడి ఒకటుండేది. కాలికి కట్టుతో కుంటుతూ వచ్చినవాడు కూడా అందులో "బాగుంది" అనే రాసేవాడు. అంతకుమించి రాసిన కాగితాలను అడుగు సొరుగులో పడేయమని అప్పటి పెద్ద మేనేజరు గారి ఉపదేశం. "ఇప్పుడే ఒకటి చెప్పినవాడు చేరాక పది చెబుతాడోయ్" అనేవారాయన. కుమకురా గారు వినయశీలురు. దాచడమెందుకు, పాటించారు.

2006 వసంతంలో తోగాషి కనాయె అనే అమ్మాయి ఆ గడిలో "కుడి చెవి వినపడదు" అని రాసింది. పరీక్షలో ఆమె మెరుగుపెట్టిన చెంచాలో నా ముఖం ముడతలతో సహా కనిపించింది. అయినా కాగితం సొరుగులోకి పోతోందని తెలిసి, టీ విరామంలో వారి గదికి వెళ్ళాను.

"ఆ పిల్లని ఎందుకు వద్దంటున్నారు?"

"మంచి పిల్లే అక్కా. యంత్రం దగ్గర కేకేస్తే వినపడకపోతే? రేపేదైనా అయితే నా మెడకేగా."

"ఆ హోరులో ఎవరికి వినపడుద్దండీ? మేమంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. అసలు నా ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. 'బాగుంది' అని రాసి చేరాను."

వారు టీ కప్పు కింద పెట్టారు. "మరి ఇన్నేళ్ళూ పిలిస్తే పలక్కపోయేది..."

"మీరెప్పుడూ ఎడమ పక్కనుంచే పిలిచారు. పొగరుబోతని పేరు కూడా పెట్టారు."

అబద్ధం రాసినందుకు నన్నూ పంపించేయవచ్చు. వారు లేచి, తమ కుర్చీని స్వయంగా మోసుకొచ్చి నా కుడివైపు వేసుకున్నారు.

"ఇప్పుడు చెప్పక్కా. ఆ అమ్మాయికి ఏం ఏర్పాటు చెయ్యాలి?"

"యంత్రం ముందు ఓ ఎర్రదీపం. కేకకి బదులు."

ఆ దీపం నేటికీ వెలుగుతోంది. కనాయె గారు నేడు మెరుగుశాలకు పెద్ద. ఆరోగ్యం గడి పోయి, "మీకు ఏ ఏర్పాటు కావాలి?" అన్న ప్రశ్న వచ్చింది. ఏర్పాటు కోరినవారిని తీసుకోవడానికి ఇతర సంస్థల వారు సందేహిస్తే, "ముందే చెప్పినవాళ్ళతో ఏ తంటా లేదండీ. పద్దెనిమిదేళ్ళు నన్ను తిప్పలు పెట్టింది చెప్పని ఈవిడే" అని కుమకురా గారు నన్ను చూపిస్తారు. నేను గర్వంగా తలవంచి నమస్కరిస్తాను.

ఈ మధ్య వారి కుడి చెవి మందగించింది. దాచకుండా రాయమని వారే ఆజ్ఞాపించారు. శ్రీమతి గారితో కలిసి వారు నిండు నూరేళ్ళూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని మెరుగుశాల యావన్మందిమీ కోరుకుంటున్నాం. వీడ్కోలు విందులో వారి ఎడమ పక్క ఆసనం మాత్రం నాకే కావాలి. అలా కూర్చుంటేనే ఒకరి మాట ఒకరికి వినపడుతుంది.