మూడుసార్లు పోవాల్సిన కరెంటు

అనకాపల్లి గవరపాలెంలో, స్తంభం దిగుతున్న లైన్‌మన్ కోసం మేనకోడలు కిందే కాచుకుని ఉంది.

"మావయ్యా, మా వీధిలో ఓసారి కరెంటు తీసెయ్యవా?"

"ఏటే, ఏటైంది?"

"సర్వర్లకి సాఫ్ట్‌వేర్ సేసే కంపెనీవోళ్లు కొత్త అప్‌డేట్ తెత్తన్నారు. అందరికీ ఇచ్చే ముందు నన్ను వాడి సూసి, తప్పులుంటే సెప్పమన్నారు. అదేసేక మొన్న గాలికి కరెంటు పోతే ఇంట్లో నా సర్వర్ మరి లెగలేదు. రాత్తే నమ్మట్లేదు, మళ్లీ సేసి సూపించమంటన్నారు. లేపోతే ఆస్పత్రుల సర్వర్లకీ ఈ తప్పుతోనే ఎల్తాది."

"ఇంట్లో మెయిన్ ఆపుకోవే."

"పదిసార్లు ఆపేను, శుభ్రంగా లెగుత్తంది. గాలికి పోయినట్టు టపటపా మూడుసార్లు పోయి రావాలి."

అతను బెల్టు విప్పి భుజాన వేసుకున్నాడు.

"బుధవారం ఎలాగూ లైను ఆపి కొమ్మలు కొట్టాలి. పదింటికి మూడుసార్లు తీసి ఏత్తాను, సర్వర్ కాడ కూకో. ముప్పై ఏళ్ల డ్యూటీలో అందరూ ఎప్పుడొత్తాదనే అడిగేరు. తీసెయ్యమని అడిగింది నువ్వొక్కదానివే."