ఏటికి బదులు అడవి

పరిశోధన కార్యాలయంలో, ఏడేళ్ళ తరువాత, తమ్ముడు అక్క బల్ల ముందు నిలబడ్డాడు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెద్ద ఆల్చిప్ప గుల్ల ఒకటి పెట్టి ఉంది.

"అక్కా, నా అడవిలో పుట్టగొడుగులు లేవని నివేదిక రాశావట."

"కనబడలేదు, రాశాను."

"నడి ఎండాకాలంలో వెళ్తే ఏం కనబడతాయి? తొలి వానలకి నాలుగు రోజులే పైకొస్తాయి. మిగతా ఏడాదంతా ప్రాణం మట్టి కిందే ఉంటుంది."

"మరి నువ్వు నా ఏటికి ఎప్పుడొచ్చావు తమ్ముడూ?"

"అది వేరు."

"ఏం వేరు? వరదలో వచ్చావు. జోడైనా తడవకుండా గట్టు మీద నిలబడి, ఆల్చిప్పలు లేవని రాశావు. బురదలో కాలితో తడిమితేనే తగులుతాయని చిన్నప్పుడు నీకు నేర్పింది నేనే."

"పైవాళ్ళు తొందరపెట్టారు."

"నన్నూ తొందరపెట్టారు."

"నీ కాగితం చూపించి రోడ్డు వాళ్ళు చెట్లన్నీ కొట్టేస్తారు! ఆ పుట్టగొడుగు ఇంకెక్కడా లేదు."

"ఏడేళ్ళ కిందట నీ కాగితం చూపించే ఏరు తవ్వారు. మన తాతకంటే వయసులో పెద్ద ఆల్చిప్పల్ని యంత్రం ఒక్క పూటలో ఒడ్డున పోసింది. అవి ఎండలో నోళ్ళు తెరుస్తుంటే నీకు ఫోన్ చేశాను. 'చిప్పల కోసం ఏడుపేంటక్కా' అని నవ్వావు."

"తప్పే. కాళ్ళు పట్టుకుంటాను. వానలు పడ్డాక ఒక్కసారి వచ్చి చూడు."

"కాగితం పొద్దున్నే వెళ్ళిపోయింది."

"అక్కా!"

ఆమె గుల్ల తీసి అతని చేతిలో పెట్టింది. కాగితాలు చెదిరిపోయాయి.

"ఇది పట్టుకెళ్ళు. నాకు చూసుకుని ఏడవడానికి గుల్లలైనా మిగిలాయి. నీకు అవీ మిగలవు."