చాకిరీ లేని ఇల్లు

ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల నడుమ ఒక చిన్న ఊరు. అక్కడ అమ్మకానికి పెట్టిన టౌన్‌హౌస్‌ని, ఇళ్ళు అమ్మిపెట్టే టెగన్ ముసలి రైతు మెర్విన్‌కి చూపిస్తోంది. ఇద్దరూ వంటగదిలో ఉన్నారు.

“…గడ్డి కోసే పనే లేదు, మెర్విన్ గారూ. పెరడంతా గులకరాళ్ళు పోశారు. చూరు కాలవల్లో ఆకులు పడకుండా జాలీ వేశారు. పడగ్గది కిందే. ఇక మీరు కూర్చుని టీ తాగడమే.”

“ఊఁ.”

“మీకు నచ్చలేదు.”

“నచ్చలేదన్నానా?”

“అనలేదు. దేనికీ ఏమీ అనడం లేదు. పొద్దున ఏమైనా తిన్నారా అసలు?”

“తినే ఉంటాను.”

“రండి, ముందు వసారా చూద్దాం. సాయంత్రం నీడ బావుంటుంది.”

“కాస్త పక్కకి జరుగు, టెగన్.”

“ఎందుకండీ?”

“మీ నాన్న సంతలో గొర్రెల్ని అమ్మేటప్పుడు కుంటిదానికి అడ్డంగా నిలబడేవాడు. నువ్వు వచ్చిందగ్గర్నుంచీ ఆ కిటికీకి అడ్డంగా నిలబడ్డావు.”

“మా నాన్న సంగతి ఊరంతా మర్చిపోయినా మీరు మర్చిపోరు కదా.”

“మంచివాడే. గొర్రెల దగ్గరే వచ్చింది చిక్కు. ఆ తెర ఎత్తు.”

“ఎండ పడుతుందండీ. ఒకమాట చెప్పనా? స్టేషన్ వీధిలో ఇలాంటిదే ఇంకోటుంది. ధరా అంతే. ఇది మెల్‌బోర్న్ వాళ్ళెవరో సెలవులకని అడుగుతున్నారు, వాళ్ళకి వదిలేద్దాం.”

“ఎత్తమ్మా.”

“సరే. చూడండి. అవతల మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళుండే హోమ్. వాళ్ళు బట్టలారేసుకునే చోటు సరిగ్గా ఇటే. మీకు చెప్పాలనే అనుకున్నాను.”

“నా భార్య ఎక్కడుంటోందో నాకు తెలీదా?”

“అది కాదండీ. రోజూ పొద్దున్నే టీ పెట్టుకుంటూ నోలా ఆంటీని అలా చూడటం… ఎందుకా బాధ? అందుకే అమ్మేవాళ్ళతో మాట్లాడాను. ఆ నడుమెత్తు కంచె పీకేసి మనిషెత్తు రేకులు వేయిస్తామన్నారు. శుక్రవారం పనివాళ్ళు వస్తారు. మీకేం ఖర్చుండదు.”

“వద్దు.”

“మీకే మంచిదని—”

“కంచె ముట్టుకుంటే నాకీ ఇల్లొద్దు. ముట్టుకోకపోతే ఇవాళే సంతకం పెడతాను.”

“మెర్విన్ గారూ, మా వదిన అక్కడే పనిచేస్తుంది. తను చెప్పింది. మీరు గదిలోకి వెళ్తే ఆంటీ కేకలు పెడుతోందట కదా.”

“ఎవడో జొరబడ్డాడంటుంది. మా ఆయన్ని పిలవండి అంటుంది. నేనే కదా నోలా అంటే, మా ఆయనది నల్లజుట్టు అంటుంది.”

“అయ్యో.”

“అబద్ధమేం కాదు. నల్లగానే ఉండేది.”

“మరి వెళ్ళడం మానేశారా?”

“అక్కడి నర్సులు కొన్నాళ్ళు రావద్దన్నారు. మంచిపిల్లలు. కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి మరీ చెప్పారు.”

“మరి ఇక్కడెందుకండీ? కిటికీలో మిమ్మల్ని చూసి మళ్ళీ కేకలు పెడితే?”

“మొన్న శనివారం నువ్వు ఈ ఇల్లు అందరికీ చూపించావే, నేనూ వచ్చాను. నువ్వు జనంతో తీరిక లేకుండా ఉన్నావు. పెరట్లోకి వెళ్ళాను. కంచె అవతల తను తువ్వాళ్ళు ఆరేస్తోంది. తనకేదో ఒక పని కావాలని బుట్టెడు తడి తువ్వాళ్ళు ఇస్తారట.”

“మిమ్మల్ని చూసిందా?”

“చూసింది. నోట్లో క్లిప్పు తీసి, ఇవాళ గాలి బావుంది, తొందరగా ఆరతాయి అంది.”

“భయపడలేదా?”

“గదిలోకి వస్తే భయం గానీ, కంచె అవతలున్న మనిషికి ఎవరైనా భయపడతారా? పేరు కూడా అడిగింది. మెర్విన్ అన్నాను. మా ఆయన పేరూ అదేనండీ అంది. నవ్వింది.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? మంచి పేరండీ అన్నాను. ఇంతలో లోపలికి రమ్మని తనని పిలిచారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.”

“తిరిగి?”

“ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చారా అని అడిగింది, టెగన్. అవునని చెప్పేశాను.”