మా అక్క తలుపు, మేస్త్రి అడుగుబద్ద

ఏది ముందో ఏది వెనకో ఈమధ్య తారుమారవుతోంది. ఆ రోజు టీ ముందు వచ్చిందా, తలుపు ముందు వచ్చిందా అంటే చెప్పలేను. మాటలు మాత్రం ఇంకా చెవిలో ఉన్నాయి, అవి పోకముందే రాసేస్తున్నాను.

అక్క అద్దెకు తీసుకున్న కుట్టుగది తలుపుని చెదలు తినేశాయి. పది రోజులుగా గుమ్మానికి దుప్పటి కట్టి, జనం ఇచ్చిన బట్టలకి కాపలా కాస్తోంది. తీరా కొత్త తలుపు వస్తే గుమ్మంలో పట్టలేదు. గోడ చెక్కాల్సిందే అన్నాడు వడ్రంగి మేస్త్రి. గోడకి మేకు కొట్టినా గది ఖాళీ చేయిస్తానని ఇంటాయన ఏనాడో చెప్పాడు. అయినా వడ్రంగి పిలిచాడని తాపీ మేస్త్రి ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చేశాడు. పక్కకొట్టాయన టీలు తెచ్చాడు. అందరం మెట్ల మీద కూర్చున్నాం. కొలత తప్పిందేమో అంది అక్క వడ్రంగితో.

“తప్పా? నా కొలతా? చెల్లెమ్మా, ఈ అడుగుబద్దతో నేను మొదట చేసింది ఒక పీట. అబద్ధమెందుకు, చిన్న పీటే. కాళ్లు ఎంత సమంగా వచ్చాయంటే, దాని మీద నిండు గ్లాసు పెడితే నీళ్లు కదలడానికి సిగ్గుపడ్డాయి.”

“నీళ్లకి సిగ్గేమిటయ్యా?” అన్నాడు టీ కొట్టాయన.

“నువ్వు పాలలో పోసే నీళ్లకి ఉండదులే. ఆ పీట సంగతి విని రోడ్డు ఇంజనీరు జీపేసుకుని వచ్చాడు. మేస్త్రీ, మా రోడ్డు పాములా మెలికలు తిరుగుతోంది, నువ్వే దిక్కన్నాడు. సరేనని బద్ద నేల మీద పెట్టి గీత లాగాను. నలభై మైళ్లు, ఒకటే పెన్సిలు. ఆ రోడ్డెక్కిన లారీవాళ్లు స్టీరింగు వదిలేసి పేకాడుకుంటూ పోయేవాళ్లు. ఈ చివర నేను తుమ్మితే ఆ చివర మా ఆవిడ ముక్కు తుడుచుకునేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“మా టీ చల్లారింది. ఎక్కడ చెక్కాలో చెప్పు బావా,” అన్నాడు తాపీ మేస్త్రి.

అక్క లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ముందు నన్ను చెక్కండి.”

“వినమ్మా! రోడ్డు పక్కనే నది. రోడ్డుని చూసి తన వంకరలకి కుమిలిపోయి, మూడు రోజుల్లో తనంతట తనే తిన్నగా అయింది. చేపలకి మలుపులు దొరక్క, సూటిగా వెళ్లి సముద్రంలో పడ్డాయి. నేనూ వాటి వెంటే వెళ్లాను. తీరా చూద్దును కదా, ఆకాశమూ సముద్రమూ కలిసేచోట గీత అంగుళం ఎడమకి వాలి ఉంది! ఓడలన్నీ అటే జారిపోతున్నాయి. నడుం లోతు నీళ్లలో నిలబడి, బద్ద ఆనించి, ఇదిగో ఇలా…”

సముద్రాన్ని చూపించడానికి రెండు చేతులూ బారచాపాలి కదా, ఎవరి చేతికీ ఇవ్వని బద్దని మెట్టు మీద పెట్టాడు.

“సముద్రాన్నే సరిచేసిన బద్ద నీ గుమ్మం దగ్గర తప్పుతుందా? తప్పు గోడది. కొట్టు బావా!”

సుత్తి లేచింది. అక్క మెడలోని టేపు తీసి బద్ద పక్కన పరిచి, “చదవవే,” అంది నాతో.

“పదకొండు.”

“సరిగ్గా చూడు!” అని అరిచాడు మేస్త్రి.

సరిగ్గానే చూశాను. బద్దకి ఒక చివర అంగుళం విరిగిపోయింది. ఒకటి అన్న అంకె దగ్గరే మొదలవుతోంది. అవతలి చివర మాత్రం దర్జాగా పన్నెండు.

“మూడుసార్లు వేసి ముప్పై ఆరని చీటీ రాశావు. కలప అడితివాళ్లు వాళ్ల టేపుతో ముప్పై ఆరే కోసిచ్చారు. నా గుమ్మం ముప్పై మూడు,” అంది అక్క. “అన్నా, నీ సావాసం పట్టి బద్ద కూడా చెడింది. పదకొండుని పన్నెండంటోంది.”

తాపీ మేస్త్రి సుత్తి సంచిలో పడేసుకున్నాడు. “మరి ఆ సముద్రం సంగతేం చేస్తావు బావా? ఓడలు ఇంకా జారుతున్నాయేమో!”

“కొలిచి కొలిచి అరిగిందిలే,” అని గొణిగి వడ్రంగి రంపం వెతుక్కున్నాడు. అక్క టేపుతో కొలిచి, కోతగీత బట్టల సుద్దతో తనే గీసింది. గీతకి ఆ బద్దే వాడింది. పొట్టిదైనా అంచు తిన్నగానే ఉంది. సాయంత్రానికి తలుపు పట్టింది, గడియ పడింది.

అమ్మడూ, ఇది చదివి మీ అమ్మని, అదే మా అక్కని, ఒక మాట అడుగు. ఆ వడ్రంగిని అందరూ మైళ్ల మేస్త్రి అనేవాళ్లా, గీతల మేస్త్రి అనేవాళ్లా? రెండూ నా నాలుక మీద ఆడుతున్నాయి. పేరు నువ్వే రాసెయ్యి. పదకొండుని మాత్రం ముట్టుకోకు.